టైగ్రిస్ నది మీద సైన్యాన్ని మోసిన పడవలవాళ్లు ఎవరి లెక్కలోకీ ఎందుకు రాలేదు?

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి అన్నిటికంటే ఎక్కువమంది వెళ్లిన యుద్ధరంగం మెసపొటేమియా, అంటే నేటి ఇరాక్. అక్కడ బ్రిటిష్ ఇండియా సైన్యం తలపడింది ఆ దేశాన్ని ఏలుతున్న ఒట్టోమన్ తుర్కులతో. 1914 నవంబరులో ఫావ్ వద్ద తొలి దళం దిగింది మొదలు యుద్ధం ముగిసేవరకు దాదాపు 5.9 లక్షల మంది భారతీయులు అక్కడికి వెళ్లినట్టు ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. వారిలో సుమారు సగం మంది పోరాట సైనికులు కారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, డోలీలు ఎత్తేవాళ్లు, కంచరగాడిదలను తోలేవాళ్లు, రైలు పట్టాలు వేసే కూలీలు, పడవలు నడిపేవాళ్లు ఆ సగంలో ఉన్నారు. సైనిక పరిభాషలో వీరందరినీ కలిపి ఫాలోయర్లు అనేవారు. పడవలు నడిపినవారు లేకపోతే ఆ యుద్ధం సాగేదే కాదు. అయినా స్మారకాల మీద, చరిత్ర పుస్తకాల్లో వారికి దక్కిన చోటు చాలా తక్కువ. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే వారు ఎవరి కింద పనిచేశారు, ఎవరి చేతి జీతం తీసుకున్నారు, చనిపోతే ఏ రిజిస్టరులోకి ఎక్కారు అన్న చిక్కుముడులను ఒక్కొక్కటిగా విప్పుకోవాలి.

ముందు ఆ నేల సంగతి చూద్దాం. దక్షిణ ఇరాక్ అంతా రెండు నదులు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. రోడ్డు వేయడానికి రాయి దొరకదు. వాన పడితే బండి చక్రం ఇరుసు దాకా దిగబడే బురద, వాన లేకపోతే కంటికి ముందున్న మనిషి కనిపించనంత దుమ్ము. యుద్ధం మొదలైననాటికి బస్రా నుంచి బాగ్దాద్‌కు రైలు మార్గం లేదు, ఏడాది పొడవునా బరువు బండ్లు తిరగగల రోడ్డూ లేదు. నది వెంట ఆ రెండు నగరాల మధ్య దూరం దాదాపు 500 మైళ్లు. తుపాకీ గుండ్లు, గోధుమపిండి, గుర్రాలకు గడ్డి, వంటచెరకు, మందులు, ఉత్తరాలు అన్నీ ఎగువకు వెళ్లవలసింది టైగ్రిస్ మీదనే. గాయపడినవారు, జబ్బుపడినవారు, పట్టుబడిన ఖైదీలు దిగువకు రావలసిందీ దాని మీదనే. ముందుకు సాగే ప్రతి మైలుకూ సైన్యం తన రేవుకు ఒక మైలు దూరమవుతుంది, అంతే సరుకు చేరవేయడానికి మరిన్ని పడవలు కావలసివస్తాయి. ఈ చిన్న గణితాన్ని సేనాధిపతులు పట్టించుకోకపోవడమే 1915 నాటి ఘోరాలకు మూలం.

నది కూడా మాట వినే నది కాదు. ఆర్మేనియా కొండల మీద మంచు కరిగే వసంతకాలంలో గట్లు దాటి పొంగి పొలాలనూ చిత్తడి నేలలనూ ఏకం చేస్తుంది. ఎండలు ముదిరి శరత్తు వచ్చేసరికి చాలాచోట్ల నాలుగైదు అడుగుల లోతు మాత్రమే మిగులుతుంది. నిన్న నీరు ఉన్న చోట ఇవాళ ఇసుక మేట లేస్తుంది. వేసవిలో గోదావరి మీద లాంచీ నడిపిన సరంగుకు ఈ కష్టం వివరించనక్కరలేదు. దీనికి తోడు బస్రాకు ఎగువన ఖుర్నాకూ అమారాకూ మధ్య నది ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా వచ్చే రెండు స్టీమర్లు ఒకదాన్నొకటి దాటలేవు. ఒకటి గట్టుకు కట్టుకుని నిలబడితేనే రెండోదానికి దారి. ప్రతి స్టీమరుకూ ఇరుపక్కలా ఒక్కో పంటు కట్టి ఉంటుంది. మూడింటి వెడల్పుతో, ప్రవాహం తోస్తుండగా, పాములా మెలికలు తిరిగే ఆ వంపుల్లో మలుపు తీసుకోవడమంటే ఒక్కోసారి ముక్కును గట్టుకు ఆనించి ప్రవాహమే తోకను తిప్పేదాకా ఆగడమే. ముందుభాగాన ఒక మనిషి గెడతో లోతు కొలిచి కేకవేస్తూనే ఉండాలి. ఒడ్డున పొంచి ఉన్నవారు కాల్చే తూటా ముందు తగిలేది అతనికీ, చుక్కాని పట్టినవాడికీ.

ఈ పని చేసినవారు ఒకే వర్గం వారు కారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

యుద్ధం మొదటి రెండేళ్లలో నదీ రవాణా బాధ్యత రాయల్ ఇండియన్ మెరీన్‌ది. పేరు విని దీన్ని నౌకాదళం అనుకోకూడదు. పూర్వపు బొంబాయి మెరీన్‌కు వారసత్వంగా వచ్చిన ఈ సంస్థ భారత ప్రభుత్వానికి చెందిన సేవా విభాగం. దళాలను ఓడల మీద చేరవేయడం, తీరాలను సర్వే చేయడం దాని ప్రధాన వ్యాపకాలు. అది యుద్ధ నౌకాదళంగా రాయల్ ఇండియన్ నేవీ అయింది 1934లోనే. ఈ మెరీన్ వద్ద టైగ్రిస్‌కు తగిన నదీ నౌకలు లేవు. అందుచేత లించ్ సోదరుల కంపెనీ స్టీమర్లను సైన్యం స్వాధీనం చేసుకుంది. 1861లో ఏర్పడిన ఆ బ్రిటిష్ కంపెనీకి ఒట్టోమన్ ప్రభుత్వం బస్రా, బాగ్దాద్‌ల మధ్య రెండు మూడు స్టీమర్లకు మించి అనుమతి ఇవ్వలేదు. మెజిదియే, బ్లాస్ లించ్ వంటి ఆ నౌకలే సైన్యానికి తొలి ఆధారం. వాటితో పాటు వాటి మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న కెప్టెన్లు, దారి చూపే అరబ్బు పైలట్లు, ఇంజను గది మనుషులు కూడా యుద్ధంలోకి వచ్చి పడ్డారు. వీరు సైన్యంలో చేరలేదు, సైన్యమే వీరి పడవ ఎక్కింది.

వీరు కాక, పెద్ద తెరచాపతో నడిచే మహైలాలనూ గెడతో తోసే చిన్న బెలెమ్ పడవలనూ నడిపే స్థానిక అరబ్బులు వందల సంఖ్యలో ఉన్నారు. వారికి కూలి ఇచ్చారు, కొన్నిసార్లు బలవంతంగానూ పని చేయించారు. ఫిరంగులు అమర్చిన గన్‌బోట్ల మీద ఉన్నవారు బ్రిటిష్ రాయల్ నేవీ నావికులు. వంతెనలకు కావలసిన పాంటూన్లను, అంటే వంతెనను నీటి మీద తేల్చే చదును పడవలను, మోసుకు తిరిగే బ్రిడ్జింగ్ ట్రైన్లు అనే దళాలు సైన్యపు ఇంజనీరు విభాగానివి. 1916 ద్వితీయార్ధంలో నదీ రవాణా మొత్తం రాయల్ ఇండియన్ మెరీన్ చేతుల్లో నుంచి బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు దళమైన రాయల్ ఇంజనీర్స్‌కు చెందిన ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ (నదీ రవాణా) విభాగానికి మారింది. ఈ విభాగం 1914 చివరలో ఫ్రాన్సు, బెల్జియం కాలువల కోసం పుట్టింది. దాన్ని నిర్మించిన జెరాల్డ్ హాలండ్ అంతకుముందు రాయల్ ఇండియన్ మెరీన్‌లో పనిచేసినవాడే. ఒకే స్టీమరు మీద ఒకే ఖలాసీ 1914లో కంపెనీ మనిషిగా, 1915లో మెరీన్ మనిషిగా, 1917లో సైన్యపు మనిషిగా లెక్కకు రావడానికి అవకాశం ఉండేదన్నమాట. చేసే పని మారలేదు, తడిసే నీళ్లు మారలేదు, పేరు రాసే పుస్తకం మారింది.

భారతదేశం నుంచి వచ్చిన సిబ్బందిలో ఎక్కువమంది చిట్టగాంగ్, నోవఖాలీ, సిల్హెట్ ప్రాంతాల వారు, కొంకణ తీరం వారు. ఓడ మీద వారి మధ్య ఒక స్థిరమైన అంతస్తుల వరుస ఉండేది. డెక్కు మనుషులకు పెద్ద సరంగు, అతని కింద తండేలు, చుక్కాని దగ్గర సుకానీ, తాళ్లూ లంగరూ చూసే ఖలాసీలు, ఇంజను గదిలో బొగ్గు వేసేవారు, నూనె పోసేవారు, అందరికీ వండిపెట్టే భండారీ. చాలాసార్లు సరంగే తన ఊరి నుంచి, తన బంధువర్గం నుంచి మనుషులను తెచ్చుకునేవాడు. దీనివల్ల సిబ్బంది మధ్య గట్టి నమ్మకం ఉండేది. కానీ రేవులో మాటమీద కుదిరిన మనిషికీ ప్రభుత్వానికీ మధ్య కాగితం పలచగా ఉండేది. రెజిమెంటులో చేరిన సిపాయికి ఊరు, తండ్రి పేరు, కులం, ఒడ్డు, పొడుగు అన్నీ రాసిన పత్రం ఉంటుంది. సరంగు వెంట వచ్చిన కుర్రవాడికి ఒక్కోసారి అతని సరంగు జ్ఞాపకమే దస్తావేజు.

ఇక యుద్ధంలో ఏం జరిగిందో చూస్తే, పడవల విషయంలో సేనాధిపతుల ధీమా ఎక్కడి నుంచి పుట్టిందో అర్థమవుతుంది. 1915 మే 31న ఖుర్నాకు ఎగువన వరదనీటితో నిండిన చిత్తడిలో జనరల్ టౌన్‌షెండ్ తన పదాతి సైనికులను వందలాది బెలెమ్‌లలోకి ఎక్కించి, వారి చేతికి గెడలిచ్చి, తుర్కుల స్థావరాల మీదికి నడిపించాడు. అంతకుముందు వారాల తరబడి బ్రిటిష్ సైనికులూ పంజాబీ, మరాఠా సిపాయిలూ గెడ వేయడం నేర్చుకున్నారు. కొన్ని పడవలకు తూటాలు ఆపే ఇనుప రేకులు కట్టారు. ఆ దాడి గెలిచింది. తుర్కులను తరుముకుంటూ వెళ్లిన కొద్దిపాటి నౌకలు, సుమారు వందమంది, జూన్ 3న అమారా పట్టణాన్ని వశం చేసుకున్నారు. బ్రిటిష్ చరిత్రకారులు ఈ ఘట్టాన్ని పడవ పందెంతో పోల్చి ఉత్సాహంగా రాస్తారు. నా దృష్టిలో ఆ విజయమే తర్వాతి విపత్తుకు బీజం. తక్కువ పడవలతోనూ ఎంత దూరమైనా పోవచ్చన్న భ్రమను అది కలిగించింది.

సెప్టెంబరు చివరికి మరింత ఎగువన ఉన్న కూత్ పట్టణం చేతికి వచ్చింది. బస్రాలో ఉన్న సర్వసేనాని జనరల్ నిక్సన్ దృష్టి బాగ్దాద్ మీద పడింది. మరిన్ని నదీ నౌకలు కావాలని ఆ వేసవిలోనే బస్రా నుంచి భారత ప్రభుత్వాన్ని అడిగారు. ఫైళ్లు కదిలేసరికి, లండన్‌కు ఆర్డర్లు వెళ్లేసరికి నెలలు గడిచాయి. నౌకలు రాకముందే సైన్యం కదిలింది. నవంబరు 22న బాగ్దాద్‌కు కొద్ది దూరంలో టెసిఫోన్ వద్ద జరిగిన యుద్ధంలో టౌన్‌షెండ్ దళం నాలుగు వేలకు పైగా మనుషులను కోల్పోయింది. వారిలో ఎక్కువమంది గాయపడినవారు. వైద్య విభాగం అంచనా వేసుకున్న సంఖ్య అందులో చిన్న భాగం. స్ప్రింగులు లేని బండ్ల మీద వారిని నది దాకా తెచ్చి, గుర్రాలూ సరుకులూ మోసి, శుభ్రం కూడా చేయని స్టీమర్ల మీదా పంటుల మీదా పడుకోబెట్టారు.

మెజిదియే స్టీమరు అలా దాదాపు 600 మంది గాయపడినవారితో పదమూడు రోజుల ప్రయాణం చేసి బస్రా చేరింది. రేవులో ఎదురు చూస్తున్న ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు మేజర్ కార్టర్‌కు దూరం నుంచి ఆ స్టీమరు పక్కలకు తాళ్లు వేలాడుతున్నట్టు కనిపించింది. దగ్గరికి వచ్చాక తెలిసింది, అవి తాళ్లు కావు, కదలలేని మనుషులు కూర్చున్నచోటే, పడుకున్నచోటే చేసిన మలం ఎండి జారి గట్టిపడిన చారలని. ఆయన ఆ సంగతి రాసినందుకు పై అధికారులు అరెస్టు చేస్తామని బెదిరించారు. ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు అందరూ గాయపడిన సైనికుల బాధను, కార్టర్ ధైర్యాన్ని తలుచుకుంటారు, తలుచుకోవలసిందే. ఆ పదమూడు రోజులూ అదే కంపులో నిలబడి, అరుపులు వింటూ, ఒడ్డు నుంచి తూటాలు వస్తుంటే, ఇసుక మేటల మధ్య స్టీమరును దించుకు వచ్చిన సరంగులు, పైలట్లు, ఇంజను గది మనుషులు కూడా ఆ నౌక మీదే ఉన్నారు. వారిని గురించి ఎవరూ ఒక వాక్యమైనా రాయకపోవడం నన్ను బాధిస్తుంది.

వెనక్కి తగ్గిన టౌన్‌షెండ్ దళం కూత్‌లో చిక్కుకుంది. 1915 డిసెంబరు 7 నుంచి 1916 ఏప్రిల్ 29 వరకు సాగిన ఆ ముట్టడిలో పోరాట సైనికులతో పాటు మూడు వేలకు పైగా ఫాలోయర్లూ ఆకలితో మాడారు. వారిని విడిపించేందుకు పంపిన దళం సుమారు 23 వేల మందిని పోగొట్టుకుంది. అయినా కూత్ చేరలేకపోయింది. వింతేమిటంటే అదే సమయంలో బస్రాలో వేలాది తాజా సైనికులు ఎగువకు వెళ్లే దారి లేక కాలక్షేపం చేస్తున్నారు. వారిని మోసే స్టీమర్లు లేవు. ఉన్నవి ముందున్న దళానికి రోజువారీ తిండి అందించడానికే చాలడం లేదు. తాజా కూరగాయలు, పండ్లు చేరవేసే చోటు పడవల్లో లేకపోవడంతో 1916 వేసవిలో భారతీయ సిపాయిలు వేల సంఖ్యలో విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ బారిన పడ్డారు. యుద్ధరంగ వైద్యుడు స్కర్వీ అని రాసిన చోట, రవాణా అధికారి పడవ లేదు అని చదువుకోవలసిన పరిస్థితి అది.

ముట్టడి చివరి రోజుల్లో జుల్నార్ అనే స్టీమరు 270 టన్నుల ఆహారంతో, పక్కలకు ఇనుప రేకులు బిగించుకుని, ఏప్రిల్ 24 రాత్రి తుర్కుల కాల్పుల మధ్య నుంచి కూత్‌కు చేరాలని ప్రయత్నించింది. నదికి అడ్డంగా కట్టిన ఇనుప తాడుకు చిక్కి ఆగిపోయింది. దాన్ని నడిపిన లెఫ్టినెంట్ ఫర్మన్ కాల్పుల్లో చనిపోయాడు. అతనికి తోడుగా వెళ్లిన చార్లెస్ కౌలీ బందీగా పట్టుబడి ప్రాణం కోల్పోయాడు. ఇద్దరికీ బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ఇచ్చారు. కౌలీ బాగ్దాద్‌లో పుట్టినవాడు, లించ్ కంపెనీ స్టీమర్లకు ఏళ్ల తరబడి కెప్టెన్, ఆ నది ప్రతి వంపూ ఎరిగినవాడు. ఆ నదిని యుద్ధంలో గెలవదగినదిగా చేసిన జ్ఞానం కంపెనీ పడవల మీద పుట్టిన జ్ఞానమేనని చెప్పడానికి ఆయన జీవితం ఒక్కటే చాలు. అయితే ఆ గౌరవం ఆయనకు చేరడానికి నౌకాదళ వాలంటీరు రిజర్వులో లెఫ్టినెంట్ కమాండర్ హోదా దారి చూపింది. అదే జ్ఞానం ఉన్న అరబ్బు పైలట్లకు, బెంగాలీ సరంగులకు అలాంటి దారి లేదు.

కూత్ పతనంపై విచారణకు 1916 ఆగస్టులో నియమించిన మెసపొటేమియా కమిషన్ 1917 జూన్‌లో నివేదిక వెలువరించింది. నదీ రవాణా లోపమే ఆ నివేదికకు వెన్నెముక. ఆ దుమారంలో భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లెయిన్ రాజీనామా చేశాడు. ఆ పదవిలోకి వచ్చిన ఎడ్విన్ మాంటేగు, అంతకు కొద్ది రోజుల ముందే ఈ నివేదిక మీద చర్చలో భారత ప్రభుత్వ యంత్రాంగాన్ని కాలం చెల్లినదని తూర్పారబట్టినవాడు. 1917 ఆగస్టు 20 నాటి ఆయన ప్రకటన, దాని వెంట వచ్చిన మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఆ పదవి ఆయనకు దక్కిన సందర్భం మాత్రం టైగ్రిస్ మీద సరిపడా పడవలు లేకపోవడం వల్ల ఏర్పడిందని వాటిలో ఉండదు. సంస్కరణలకు అదే కారణమని నేను అనడం లేదు. చరిత్రలో పడవల వంటి చిన్న విషయాలను వదిలేస్తే పెద్ద విషయాల అతుకులు కనిపించవని మాత్రం అంటున్నాను.

1916 ఫిబ్రవరిలో యుద్ధ నిర్వహణ భారత ప్రభుత్వం నుంచి లండన్‌లోని వార్ ఆఫీసుకు మారాక పరిస్థితి మెల్లగా చక్కబడింది. రంగూన్ రేవు నిర్మాణంలో అనుభవం ఉన్న జార్జ్ బుకానన్‌ను బస్రాకు రప్పించారు. బస్రా శివార్లలోని మాకిల్ వద్ద సముద్రపు ఓడలు ఆనుకుని నిలబడగల రేవు గట్లు లేచాయి. ఇరావతి నుంచి, బ్రహ్మపుత్ర నుంచి, గంగ నుంచి స్టీమర్లను తెచ్చారు. ఆ నౌకలు నది కోసం కట్టినవి, అడుగు చదునుగా, పక్కలు తక్కువ ఎత్తుతో ఉంటాయి. వాటిని సముద్రం దాటించడమే ఒక సాహసం. అరేబియా సముద్రపు రుతుపవనాల అలలకు కొన్ని దారిలోనే మునిగిపోయాయి. యుద్ధభూమిని చూడకుండానే ఓడతో పాటు పోయిన వాటి సిబ్బందిని యుద్ధ మృతులుగా తలుచుకునేవారు ఇంకా తక్కువ. బ్రిటన్‌లో విడి భాగాలుగా తయారైన గన్‌బోట్లను అబాదాన్‌లో బిగించారు. 1916 చివరికి ఖుర్నా, అమారాల మధ్య రైలు నడవడం మొదలై, ఇరుకు నది మీద భారం కొంత తగ్గింది. ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ విభాగంలో భారతీయులతో పాటు పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవారు, చైనా కూలీలు, వడ్రంగులు, స్థానిక అరబ్బులు ఒకే రేవులో పనిచేశారు. వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు దాటే ఆ దేశంలో, ఇనుప డెక్కు కింద బాయిలరు పక్కన పనిచేయడం ఎలా ఉండేదో ఊహించడానికే ఒళ్లు కాలుతుంది.

1917 ఫిబ్రవరి 23న కూత్ దగ్గరి షుమ్రాన్ వంపు వద్ద కొత్త సర్వసేనాని జనరల్ మాడ్ సైన్యం పొంగుతున్న టైగ్రిస్‌ను దాటింది. గుర్ఖాలనూ నార్ఫోక్ రెజిమెంటు వారినీ అవతలి ఒడ్డుకు చేర్చిన పాంటూన్లను తెడ్లతో నడిపినవారు సాపర్లు అనే సైనిక ఇంజనీర్లు, పదాతి దళాల నుంచి ఎంచి తర్ఫీదు ఇచ్చిన సైనికులు. పడవలో తెడ్డు వేసేవాడు తుపాకీ పట్టలేడు, తలదాచుకోలేడు, ఒక్కసారి అవతలికి చేరితే అతని పని పూర్తికాదు. మళ్లీ ఇవతలికి వచ్చి మళ్లీ వెళ్లాలి. దాడి చేసే సైనికుడు ఆ తూటాల వానను ఒకసారి దాటితే తెడ్డు వేసేవాడు ప్రతి విడతకూ రెండుసార్లు దాటాడు. అదే రోజు సాయంత్రానికి నది మీద వంతెన పడింది. మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ కంపెనీలు ఈ యుద్ధరంగంలో వంతెనల పనిలో పేరు పొందాయి. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఈ దళంలోకి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళులతో పాటు తెలుగువారూ చేరేవారు. టైగ్రిస్ పడవల కథలో మన వాటా ప్రధానంగా ఈ దారిన వచ్చిందే.

మార్చి మొదటివారంలో బాగ్దాద్‌కు దిగువన దియాలా ఉపనదిని దాటేటప్పుడు పరిస్థితి ఇంకా భయానకం. వెన్నెల రాత్రిలో నీళ్లలోకి దించిన పాంటూన్లు అవతలి ఒడ్డు చేరకముందే తూటాలకు జల్లెడలై, మృతులతో నిండి, ప్రవాహం వెంట కొట్టుకుపోయాయి. కింగ్స్ ఓన్ రెజిమెంటు సిగ్నలరు జాక్ వైట్ తన పాంటూన్‌లో మిగతా అందరూ చనిపోయారో గాయపడ్డారో అయిపోయాక, టెలిఫోను తీగను పడవకు కట్టి నీళ్లలోకి దూకి ఈదుతూ దాన్ని ఒడ్డుకు లాగాడు. దానితో ఒక అధికారి ప్రాణం, గాయపడినవారి ఆయుధాలు దక్కాయి. ఆయనకు విక్టోరియా క్రాస్ వచ్చింది. మార్చి 11న బాగ్దాద్ పట్టుబడింది. అంతకుముందు మాడ్ అజీజియా దగ్గర దాదాపు వారం రోజులు ఆగవలసి వచ్చింది. ఓడిపోయి పరుగెడుతున్న శత్రువును వదిలి విజయసేన నిలబడటానికి కారణం, వెనుక నుంచి సరుకుల పడవలు వచ్చి అందుకోవలసి ఉండటమే. ఆ ఆగిన వారం రోజులను యుద్ధ పటాల మీద చూసినవారికి ఎవరు ఎవరిని నడిపించారో తెలుస్తుంది.

ఇంత కీలకమైన పని చేసినవారు జ్ఞాపకం నుంచి ఎందుకు జారిపోయారు? జాతి వివక్ష ఒక కారణం, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. అయితే అది ఒక్కటే అంటే బ్రిటిష్ పడవ సిబ్బంది కూడా ఎందుకు మరుగునపడ్డారో అర్థం కాదు. నేను గమనించినంతవరకు మొదటి కారణం, వీరు సైన్యానికీ నౌకాదళానికీ మధ్య గట్టు మీద నిలబడినవారు. నౌకాదళ చరిత్ర రాసేవారికి వీరు సైన్యపు మనుషులు, సైనిక చరిత్ర రాసేవారికి వీరు ఓడ మనుషులు. రెండో కారణం రెజిమెంటుకు ఉండే వారసత్వం వీరికి లేదు. నార్ఫోక్ రెజిమెంటుకూ గుర్ఖా పటాలాలకూ పతాకం, మెస్సు, యుద్ధ గౌరవాల జాబితా, ఏటేటా జరిపే దినోత్సవం ఉంటాయి. వాటి చరిత్రను వాటి పింఛనుదార్లే రాసుకుంటారు. యుద్ధం అయిపోగానే నదీ రవాణా విభాగం కుదించుకుపోయి కాలక్రమంలో మాయమైంది, స్టీమర్లు అమ్ముడుపోయాయి, మనుషులు తిరిగి వారి వారి నదుల మీదికి వెళ్లిపోయారు. జ్ఞాపకాన్ని మోసే సంస్థే లేనప్పుడు జ్ఞాపకం వ్యక్తుల ఆయుష్షుతో పాటే ముగుస్తుంది.

మూడోది చావు తీరు. కలరా, విరేచనాలు, వడదెబ్బ, మునిగిపోవడం, రెండు పడవల మధ్య నలిగిపోవడం వంటి చావులకు పతకాలు లేవు. 1917 నవంబరులో జనరల్ మాడ్ స్వయంగా కలరాతోనే బాగ్దాద్‌లో చనిపోయాడు. ఆ మరణాన్ని సామ్రాజ్యమంతా సంతాపంతో స్మరించింది. అదే జబ్బుతో పోయిన ఖలాసీకి చాలాసార్లు సమాధి రిజిస్టరులో వరుస కూడా దొరకలేదు.

ఊరి జ్ఞాపకం కూడా ఇలాగే పనిచేస్తుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఎందుకు పిలుస్తారో గోదావరి జిల్లాల్లో చాలామందికి తెలుసు. తరతరాలుగా సైన్యంలో చేరే ఆ ఊరు తన సైనికుల స్మారకాన్ని నిలుపుకుంది. ఒక ఊరి నుంచి ఒకే పటాలంలోకి పదులమంది వెళ్లినప్పుడు ఆ ఊరే రిజిస్టరవుతుంది. రేవుల్లో కుదిరి ఒక్కో ఓడ మీదికి ఒక్కొక్కరుగా చెదిరిపోయిన ఖలాసీలకు ఆ అదృష్టం లేదు.

స్మారకాల దగ్గరికి వస్తే ఈ తేడాలన్నీ రాతి మీద అక్షరాలుగా కనిపిస్తాయి. 1929 మార్చిలో ఆవిష్కరించిన బస్రా స్మారకం, సమాధి తెలియని 40 వేల మందికి పైగా మృతులకు అంకితం. దాని మీద బ్రిటిష్ సైనికులందరి పేర్లూ చెక్కారు. భారత సైన్యం విషయంలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, మిగిలినవారిని ఆయా దళాల పేర్ల కింద సంఖ్యగా చూపారు. అమారాలో టైగ్రిస్ ఎడమ గట్టున ఉన్న భారతీయ సైనికుల శ్మశానంలో సుమారు 5 వేల మంది స్మరణ ఉంది. వారిలో గుర్తింపు దొరికినవారు తొమ్మిదిమందే. ఖననాల రికార్డును సైనికాధికారులు సరిగా ఉంచలేదన్నదే దానికి చెప్పే కారణం. బస్రాలోనే తనూమా వద్ద మరో చిన్న స్మారకం ఉంది. ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్‌కు అనుబంధంగా పనిచేసిన 227 మంది చైనా కూలీల కోసం నిలిపినది అది, ఒక్క పేరు కూడా లేకుండా. రాయల్ ఇండియన్ మెరీన్, వాణిజ్య నౌకల మీద పనిచేసి ఆ యుద్ధంలో చనిపోయిన 2 వేలకు పైగా భారతీయ నావికుల స్మారకం ముంబైలో, మస్జిద్ బందర్ ప్రాంతపు ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో ఉంది. ఒకే నది మీద పోయినవారి కోసం వెతకాలంటే బస్రా, అమారా, తనూమా, ముంబై తిరగవలసిందే. కంపెనీ కూలి మీద, రేవు కూలి మీద పనిచేసిన అరబ్బు పడవవాళ్ల కోసం ఎక్కడికి పోవాలో చెప్పే రాయి ఏదీ లేదు.

ఆ స్మారకాల తరువాతి చరిత్ర కూడా సుఖంగా సాగలేదు. నేలలోని ఉప్పు తినేయడంతో బస్రా, అమారా శ్మశానాల్లోని సమాధి రాళ్లను 1930లలోనే తీసివేసి పేర్లను ఒక గోడ మీదికి మార్చారు. మాకిల్ రేవు దగ్గర, అంటే పడవలవాళ్లు పనిచేసిన చోటే నిలిచి ఉన్న బస్రా స్మారకాన్ని 1997లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వ ఉత్తర్వుతో నసీరియా రోడ్డులో 32 కిలోమీటర్ల దూరానికి తరలించారు. ఆ చోటు తొలి గల్ఫ్ యుద్ధంలో రణభూమి. నదీ రవాణా కోసం ప్రాణాలిచ్చినవారి గుర్తు కూడా నది ఒడ్డున మిగలలేదు.

2021 ఏప్రిల్‌లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఒక విచారణ నివేదిక ప్రకటించి క్షమాపణ చెప్పింది. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన మృతుల్లో 45 వేల నుంచి 54 వేల మందిని సమానంగా స్మరించలేదని, మరో 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, అసలు పేరుతో స్మరించనే లేదని ఒప్పుకుంది. అప్పటి నుంచి పాత రిజిస్టర్లను తిరగేసి పేర్లను తిరిగి కలిపే పని సాగుతోంది. అదే ఏడాది లాహోర్ మ్యూజియంలో దొరికిన పంజాబ్ సైనికుల రిజిస్టర్లు, దాదాపు 3.2 లక్షల మంది వివరాలతో, అంతర్జాలంలోకి రావడం మొదలైంది. జిల్లా, ఊరు, చేరిన దళం, గాయం, మరణం అన్నీ అందులో ఉన్నందువల్ల ఎందరో తమ ముత్తాతలను గుర్తించగలిగారు. పటాలాలకు ఇది సాధ్యమైంది.

పడవ సిబ్బందికి ఇలాంటి వెదుకులాట వేరే దారిలో నడవాలి. వ్యక్తి పేరుతో మొదలుపెడితే గోడకు తగులుతాం. పడవ పేరుతో మొదలుపెడితే దారి దొరుకుతుంది. ఏ స్టీమరు ఏ నెలలో ఎవరి ఆజమాయిషీలో ఉంది, అది కంపెనీదా, మెరీన్‌దా, రాయల్ ఇంజనీర్స్‌దా అని తేల్చుకున్నాక, ఆ సంస్థ వద్ద ఏ జీతాల పట్టీ, ఏ మరణాల జాబితా ఉండాలో ఊహించవచ్చు. మెరీన్ అయితే ముంబై స్మారకపు పేర్లు, సైన్యపు నదీ రవాణా విభాగమైతే యుద్ధ సమాధుల సంస్థ డేటాబేసులో ఆ విభాగం కింద ఉన్న నమోదులు, సాపరు అయితే బెంగళూరు రెజిమెంటు కేంద్రపు చరిత్ర. మన ప్రాంతాల్లోని కుటుంబాల్లో ఎవరి దగ్గరైనా తాతల నాటి పతకం ఉంటే, దాని అంచు మీద చెక్కిన దళం పేరును చదవడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. మొదటి యుద్ధపు పతకాల అంచున మనిషి పేరు, నంబరు, దళం చెక్కడం రివాజు. ఎన్నో ఫాలోయర్ల పతకాలు వెండికి బదులు కంచుతో పోసినవే. కంచు పతకం కనిపిస్తే అది విలువలేనిదని కరిగించవద్దు, పోరాట సైనికుడు కాని ఒక మనిషి ఆ యుద్ధంలో ఉన్నాడనడానికి అది సాక్ష్యం. ఆ అంచు మీది అక్షరాల్లో నదీ రవాణా విభాగం పేరు ఉంటే, ఆ ఇంటివారు దాని ఫొటో తీసి, ఊరి పేరు జోడించి, యుద్ధ సమాధుల సంస్థకూ తమ రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారానికీ (స్టేట్ ఆర్కైవ్స్) పంపాలి.